మేస్త్రి : ఒక వృత్తిపద విమర్శ

తెలుఁగునాట ఇల్లు కట్టఁదలఁచినవాఁడు మొట్టమొదట వెదకునది మేస్త్రిని. తాపీ మేస్త్రి, వడ్రంగి మేస్త్రి, రోడ్డు మేస్త్రి, వంట మేస్త్రి, కూలి మేస్త్రి - ఇట్లు పనికొక మేస్త్రి మన వాడుకలో నున్నాఁడు. ఇంత విరివిగా నున్న పదమునుగూర్చి మన భాషావేత్తలు చేసిన విచారము మాత్రము స్వల్పము. 'పనివారిలో ముఖ్యుఁడు' అని యర్థము చెప్పి, 'అన్యదేశ్యము' అను గుర్తు తగిలించి ముందునకు సాగిపోవుట పరిపాటియైనది. ఆ గుర్తు సత్యమే. కాని అది పదము ఎక్కడిదో చెప్పును గాని, ఎందుకు వచ్చినదో చెప్పదు. వచ్చిన పిదప ఎందుకు నిలిచినదో అసలే చెప్పదు. పరభాషాపదము భాషలోనికి వచ్చుట వేఱు, నిలుచుట వేఱు. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, కంసాలి, కాసె, ఉప్పర మొదలుగా వృత్తినామములు సమృద్ధిగా నున్న తెలుఁగునకు ఈ పరదేశపు పదముతో పని యేమి? ఈ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

మొదట శబ్దస్వరూపమును విచారింతము. మేస్త్రి యను పదమునకు సంస్కృతమున ధాతువును వెదకుట వ్యర్థప్రయాసము. పదాంతమున వినవచ్చు 'స్త్రి' యను ధ్వనిని పట్టుకొని యేదో యొక వ్యుత్పత్తిని కల్పించుట సులభమే. ఆ మార్గమున పోయినచో 'ఇస్త్రి'కిని స్త్రీశబ్దమే మూలమని చెప్పవలసివచ్చును. ఇస్త్రికి మూలము, సాఁగఁదీయుట యను నర్థముగల 'ఎస్తిరార్' అను పోర్చుగీసు క్రియయని భాషావేత్తల నిర్ణయము. మేస్త్రియు ఆ భాషనుండి వచ్చినదే. పోర్చుగీసున 'మెస్త్రె' యనఁగా గురువు, ఒక విద్యలోనో పనిలోనో ఆఱితేఱినవాఁడు, పనివారిపై పెద్ద. దీనికి మూలము 'మగిస్తెర్' అను లాటిను పదము. యూలు, బర్నెలు పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్ జాబ్సన్' అను కోశమునను, దల్గాదు పండితుఁడు 1913లో ఆసియా భాషలలోని పోర్చుగీసు పదములపై ప్రకటించిన గ్రంథమునను ఈ వ్యుత్పత్తి కానవచ్చును. దల్గాదు గ్రంథమునకు సోరిస్ చేసిన ఆంగ్లానువాదము 1936లో బరోడానుండి వెలువడినది.

'మగిస్తెర్' పదమునకు 'మగిస్' మూలము. దాని యర్థము 'అధికము' అని. ఆ భాషలోనే దీనికి జోడుగా 'మినిస్తెర్' అను పదము గలదు. 'మినుస్' అనఁగా అల్పము. కాఁబట్టి మగిస్తెర్ పైవాఁడు, మినిస్తెర్ క్రిందివాఁడు, అనఁగా సేవకుఁడు. కాలక్రమమున సేవకవాచకము మంత్రికి బిరుదై 'మినిస్టరు'గా మన పత్రికల కెక్కినది; అధికవాచకము గోడకట్టు మేస్త్రివద్ద నిలిచినది. పదముల జాతకములు ఇట్లే యుండును. 'మగిస్' లోని ధాతువును, సంస్కృతమందలి మహచ్ఛబ్దమును ఒకే యిండో-యూరోపియను మూలమునుండి పుట్టినవి. దీనినిబట్టి మేస్త్రి సంస్కృతభవమని తలఁపరాదు. 'మహా' శబ్దమునకు ఇది జ్ఞాతి యగును గాని సంతానము కాదు.

పదము తెలుఁగునకు ఏ త్రోవను చేరినదన్నది రెండవ ప్రశ్న. హిందీ, మరాఠీ, వంగభాషలలో ఈ పదము 'మిస్త్రీ' యను రూపమున నున్నది. హైదరాబాదు ఉర్దూలోను అదియే రూపము. తెలుఁగు, కన్నడములలో 'మేస్త్రి'. తమిళ మలయాళములలో 'మేస్తిరి'. అనఁగా ఉత్తరమున ఇకారము, దక్షిణమున దీర్ఘమైన ఏకారము. ఈ భేదము యాదృచ్ఛికము కాదని తలఁచుటకు మఱియొక పదము తోడు వచ్చుచున్నది. బహిరంగముగా పాటపెట్టి అమ్ముటకు పోర్చుగీసున 'లెయిలాఁవ్' అని పేరు. ఇది ఉత్తరభాషలలో 'నీలామ్' అయినది. దక్షిణమున తమిళులకు 'ఏలమ్', మలయాళులకు 'లేలమ్', మనకు 'వేలము'. ఇచ్చటను ఉత్తరమున ఈకారము, దక్షిణమున ఏకారము. ఈ రెండు జంటలను కలిపి చూచినచో దక్షిణభాషలు ఈ పదములను హిందుస్తానీ ద్వారమున గాక, సముద్రతీరమున వినికిడిగా గ్రహించినవని చెప్పుట కవకాశము కలుగుచున్నది.

ఇంగ్లీషు 'మాస్టరు' నుండియే మేస్త్రి పుట్టినదని యెవరైన శంకింపవచ్చును. ఈ శంకకు తకారమే సమాధానము. ఇంగ్లీషు తకారమును మన చెవి సామాన్యముగా మూర్ధన్యముగా గ్రహించును: స్టేషను, టిక్కెట్టు, కోర్టు. పోర్చుగీసు తకార దకారములు దంత్యములు గనుక మనకు దంత్యములుగానే దక్కినవి: తువ్వాలు, పాదిరి, ఇస్త్రి. మేస్త్రిలోనిది దంత్యము, మాస్టరులోనిది మూర్ధన్యము. కన్నడమున ఈ భేదము మఱింత స్ఫుటముగా నున్నది. అచ్చట బడిపంతులు 'మేష్ట్రు', తాపీవాఁడు 'మేస్త్రి'. రెండును ఒకే లాటిను పదమునకు మనుమలు. ఒకటి ఇంగ్లీషువారి వెంట, ఒకటి పోర్చుగీసువారి వెంట వచ్చినందున వేఱువేఱు ముఖములు దాల్చినవి.

చరిత్రయు దీనికి అనుకూలముగానే యున్నది. వాస్కో డ గామా కళ్ళికోట చేరినది 1498లో; గోవా పోర్చుగీసువారి వశమైనది 1510లో. తూర్పుతీరమున శాంథోము, నాగపట్టణములు వారి స్థావరములు. రాజ్యము క్షీణించిన పిదపను వారి భాష ఓడరేవులలో చిరకాలము వ్యవహారభాషగా నిలిచినది. ఇంగ్లీషు కంపెనీ కొలువునకు వచ్చు మతాచార్యులు ఏఁడాదిలోపల పోర్చుగీసు నేర్వవలెనని 1698 నాఁటి రాజశాసనము విధించినది. 1611లో మచిలీపట్టణమునను, 1639 తరువాత చెన్నపట్టణమునను ఇంగ్లీషువారు గిడ్డంగులు, కోటలు కట్టించునప్పుడు పని చెప్పువారికిని చేయువారికిని నడుమ ఈ భాషయే వంతెనగా నుండెననుట సహజమైన యూహ. శాంథోమునకు ప్రక్కనే పెరిగి, తెలుఁగువారును తమిళులును కలసి పనిచేసిన చెన్నపట్టణము ఈ పదమునకు ముఖ్యమైన మజిలీయై యుండునని నాకు తోఁచుచున్నది.

ఇఁక ప్రధానమైన మూఁడవ ప్రశ్న. ఈ పదము తెలుఁగులో ఎట్లు నిలిచినది? నిలుచుటకు రెండు కారణములు కనఁబడుచున్నవి. ఒకటి రూపమునకు సంబంధించినది, రెండవది అర్థమునకు సంబంధించినది.

కుమ్మరి, కమ్మరి, మంగలి, కంసాలి, వడ్రంగి - మన వృత్తినామములలో పెక్కులు ఇకారాంతములు. వీనిలో కమ్మరి 'కర్మార' శబ్దమునుండి, కుమ్మరి 'కుంభకార' శబ్దమునుండి, వడ్రంగి 'వర్ధకి' నుండి ప్రాకృతముల మీఁదుగా వచ్చినవి. మూలములలో అకారాంతములైనవియు మన భాషలో ఇకారాంతములైనవనుట గమనింపఁదగినది. వృత్తివాచకము ఇట్లుండవలెనను అచ్చు ఒకటి భాషలో ఏర్పడియున్నది. మెస్త్రె పదమున చివరి అచ్చు ఊనిక లేనిది, అస్పష్టమైనది. అది మన నోట ఇకారమగుటకు ప్రయాసము లేదు. అట్లయిన క్షణముననే అది కమ్మరి కుమ్మరుల వరుసలో కూర్చున్నది. డుమంతము కానక్కఱలేదు, విభక్తులు తగిలించుటకు చిక్కు లేదు, మేస్త్రి యిల్లు, మేస్త్రి చేయి, మేస్త్రులు అని సునాయాసముగా నడచినది. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున తెలుఁగు పదములను తత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములని నాలుగు తెఱఁగులుగా విభజించెను. పుట్టుక చూచినచో మేస్త్రి వీనిలో దేనియందును ఇమడదు. నడక చూచినచో దేశ్యమునకు ఏమియు తీసిపోదు.

రూపము స్థలమిచ్చినను అర్థమునకు అక్కఱ లేనిచో పదము నిలువదు. ఆ అక్కఱ యేమో చూతము. కమ్మరి యన్నప్పుడు మనము రెండు సంగతులను ఒక్కసారి చెప్పుచున్నాము: అతఁడు చేయు పని, అతఁడు పుట్టిన కులము. కుమ్మరి, మంగలి, ఉప్పర మున్నగునవియు నంతే. సారె త్రిప్పనివాఁడును కుమ్మరియే. సారె త్రిప్ప నేర్చిన అన్యుఁడు కుమ్మరి కాలేఁడు. ఈ పదములు నేర్పును గణింపవు. కుండ చక్కఁగా చేయువాఁడును, వంకరగా చేయువాఁడును ఒకే పేరు మోయవలసినదే. పనిలో పెద్ద యెవఁడు, పిన్న యెవఁడు అను తారతమ్యమును చెప్పుటకు ఈ నామములలో తావు లేదు.

తారతమ్యము మన శాస్త్రములకు తెలియనిది కాదు. మయమతమున స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుఁడు, వర్ధకి యని నిర్మాణపువారిలో నాలుగు అంతరములు చెప్పఁబడినవి. పని మొత్తమునకు స్థపతి అధిపతి, సూత్రగ్రాహి కొలతలు పట్టువాఁడు, తక్షకుఁడు చెక్కువాఁడు, వర్ధకి కూర్చువాఁడు. ఈ నాలుగింటిలో తెలుఁగు వీధిలోనికి దిగివచ్చినది వర్ధకి యొక్కటే. అదియు వడ్రంగియై అంతరమును పోఁగొట్టుకొని వృత్తినామముగా, కులనామముగా మాఱినది. స్థపతి దేవాలయమునకు పరిమితమయ్యెను. సామాన్యుఁడు ఇల్లు కట్టించునప్పుడు పనివారిలో పెద్దను పిలుచుటకు తగిన మాట లేకపోయెను. ఈ ఖాళీలోనే మేస్త్రి యడుగు పెట్టినది. ఇది కులమును చెప్పలేదు, పనిని చెప్పలేదు, పనిలో స్థానమును మాత్రమే చెప్పినది. కాఁబట్టియే దేనితోనైనను జతకట్టఁగలిగినది. తాపీ పట్టిన ఏ కులమువాఁడైనను తాపీ మేస్త్రి కావచ్చును. 'కమ్మరి' బిరుదు పుట్టుకతో వచ్చును. 'మేస్త్రి' బిరుదును సంపాదింపవలెను. పుట్టుకకు కట్టుపడని వృత్తిగౌరవవాచకము మనకు ఓడరేవునుండి రావలసివచ్చెననుట మన సంఘచరిత్రలో ఒక చిన్న సాక్ష్యము, కాని విలువైన సాక్ష్యము.

వచ్చిన పిదప పదమునకు కలిగిన అర్థపరిణామమును మూఁడు పాయలుగా గుర్తింపవచ్చును. పని తెలిసినవాఁడు, పని నేర్పువాఁడు, పని చేయించువాఁడు - ఈ మూఁడును మూలపదమున కలసియే యున్నవి. తాపీ మేస్త్రియందు నేఁటికిని మూఁడును కలసియున్నవి. అతఁడు తూకపుగుండు వేసి గోడ నిలువు చూచును. చేతిక్రింది కుఱ్ఱవానికి తాపీ పట్టు నేర్పును. కూలీలకు పని పంచును. వంట మేస్త్రియందు మొదటి యర్థము బలీయము. దక్షిణ పశ్చిమ భారతములలో ఇంటి వాడుకలో మేస్త్రి యనఁగా వంటవాఁడో దర్జీయో యని హాబ్సన్ జాబ్సన్ కోశకర్తలు వ్రాయుట దీనికి అనుగుణముగా నున్నది. ఉత్తరమున మిస్త్రీ యనఁగా ఏ పనివాఁడైనను అగునని వారే చెప్పిరి. అనఁగా అక్కడ 'పెద్ద' యను నర్థము సడలి 'పనివాఁడు' అను నర్థము మిగిలినది.

మూఁడవ పాయ కథ వేఱు. పని చేయించుట యను నర్థము ఒంటరిగా పెరిగినచో ఏమగునో బర్మా చరిత్ర చెప్పును. ఉత్తర సర్కారులనుండి కాకినాడ, విశాఖపట్టణము రేవుల మీఁదుగా రంగూనుకు పోయిన తెలుఁగు కూలీలను అచ్చట, కోరంగి రేవు పేరిట, 'కోరంగీలు' అనిరి. బియ్యపు మిల్లులలోను ఓడరేవులోను వీరికి పని యిప్పించినవాఁడు మేస్త్రి. అతఁడే గ్రామమునకు వచ్చి బయానా యిచ్చును. అతఁడే ఓడ యెక్కించును. అతఁడే పని చూపించును. కూలి డబ్బు అతని చేతిమీఁదుగానే వచ్చును, అతని వాటా తఱిగిన పిమ్మట. 1931లో నివేదిక సమర్పించిన రాయలు లేబరు కమిషను ఈ మేస్త్రి పద్ధతిని విచారించినది. అంతకు ముందటి సంవత్సరము, 1930 మే నెలలో, రంగూను రేవులో తెలుఁగు కూలీల సమ్మె పిదప చెలరేఁగిన అల్లరులలో వీరు పెక్కురు హతులైరి. సింహళమునను మలయాలోను ఇదే పని చేసిన తమిళుని పేరు 'కంగాణి'. కన్నుతో కనిపెట్టి చూచువాఁడని దాని యర్థము. ఆ పేరు ఉన్నమాట చెప్పినది. మన మేస్త్రి పేరు మాత్రము నేర్పును చాటుచు, ఆచరణమున కాపలాను, అప్పును చాటినది. గురువాచకము దళారివాచకమైనది.

ఈ పాయ బర్మాతో ఇంకలేదు. పాలమూరునుండి ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దూరదేశములు పోయిన కూలీల వ్యవస్థలోను ముందు బయానా, వెనుక పని, నడుమ మేస్త్రి. 'గుంపు మేస్త్రి' యను మాట అచ్చటిది. గుంపు మేస్త్రికి పని తెలిసియుండవచ్చును, తెలియకపోవచ్చును. గుంపు ఉండుట ముఖ్యము. తాపీ మేస్త్రిలో విశేషణము పనిముట్టు. గుంపు మేస్త్రిలో విశేషణము మనుష్యులు. ఈ రెండు సమాసములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో పదము నడచిన దూరమెంతయో తెలియును.

ఇట్లు ఒకవంక దళారివాచకమగుచుండఁగా, మఱియొకవంక మేస్త్రికి ఇంటిలోనే పోటీ వచ్చినది. అదే లాటిను పదము ఇంగ్లీషు వేషముతో రెండవసారి వచ్చినది. మాస్టరు, మిస్టరు, మేజిస్ట్రేటు - ఇవియన్నియు మగిస్తెర్ సంతానమే. సంగీతదర్శకుని పత్రికలవారు 'మేస్ట్రో' యని కొనియాడినప్పుడు అదియు ఇటలీనుండి వచ్చిన ఆ సంతానమే. బడిలో మాస్టారు, న్యాయస్థానమున మేజిస్ట్రేటు, వేదికపై మేస్ట్రో, పరంజాపై మేస్త్రి - నలువురును అన్నదమ్ములు. మాస్టరునకు మనము గౌరవార్థకమైన బహువచనరూపము నిచ్చి 'మాస్టారు' అంటిమి. ఆ రూపముననే మన్నన ఇమిడియున్నది; దానిని తీసివేయ వీలు లేదు. మేస్త్రికి అట్టి రూపము ఏర్పడలేదు. 'మేస్త్రిగారు' అనవచ్చును, అనకపోవచ్చును. అది పిలుచువాని మంచితనముపై ఆధారపడును. మూలభాషలో నేర్పరియు గురువును ఒక్కటే పదము. ఆ పదమును మనము రెండుగా చీల్చి, గురుత్వమును పుస్తకమునకును, పనిని చేతికిని పంచియిచ్చితిమి.

ఇది మనకొక్కరికే ప్రత్యేకము కాదు. డచ్చి భాషలోని 'బాస్' అను పదమునకు పనివారిలో పెద్ద యని యర్థము. అది సింహళమునకు పోయి వడ్రంగికిని తాపీవానికిని పేరైనది. అమెరికాకు పోయి ఇంగ్లీషున 'బాసు'గా మాఱి, నేఁడు మన కచేరీలలో అధికారికి పేరైనది. ఒకే పదము ఒకచోట పనిచేయువానివద్ద నిలువఁగా, ఒకచోట పని చేయించువానివద్ద నిలిచినది. పదము ఎటు మొగ్గునన్నది దాని వ్యుత్పత్తిలో లేదు. దానిని వాడు సంఘము పనిని ఎట్లు చూచునో దానిలో నున్నది.

మఱియొక సంగతి. ఈ పదము కులమును దాఁటెను గాని లింగమును దాఁటలేదు. ఇసుక జల్లించి, ఇటుకలు మోసి, సున్నము, సిమెంటు కలిపిన స్త్రీలు తెలుఁగునాట ప్రతి కట్టడము వెనుకను ఉన్నారు. వారి పనికి పేరు కూలి. వారికిని పేరు కూలియే. తాపీ చేతికి రానిదే మేస్త్రి బిరుదు రాదు. తాపీని వారి చేతికి ఇచ్చుట అరుదు. వ్యాకరణము అడ్డు చెప్పలేదు. మేస్త్రి శబ్దము మహతికిని మహద్వాచకమునకును సమముగానే ఒదుగును. అడ్డు వేఱొకచోట నున్నది.

కాఁగా, నిఘంటుకర్తలకు నా విన్నపములు మూఁడు. మొదటిది: మేస్త్రి, మిస్త్రీ రూపములను ఒకే పదమునకు పాఠాంతరములుగా చూపక, దక్షిణ తీరమున ఒకటి, హిందుస్తానీ మార్గమున ఒకటి వచ్చినవని వేఱుగా నిర్దేశింపవలెను. నేఁడు హైదరాబాదు కట్టడములలో ఉత్తరదేశపు పనివారు తెచ్చిన మిస్త్రీయు, మన మేస్త్రియు ఒకే పరంజాపై కలసి వినవచ్చుచున్నవి. గుర్తింపకున్నచో ఈ భేదము త్వరలో చెరిగిపోవును. రెండవది: అర్థములను 'నేర్పరి, నేర్పువాఁడు, చేయించువాఁడు' అను క్రమమున, ప్రతి యర్థమునకు సమాసోదాహరణముతో, ప్రాంతముతో చూపవలెను. 1962లో వ్యవసాయపదములతో వెలువడనారంభించిన మాండలిక వృత్తిపదకోశము ఇట్టి పనికి దారి వేసినది. మూఁడవది: అన్యదేశ్యమను గుర్తును పదము కథకు ముగింపుగా గాక ఆరంభముగా గ్రహింపవలెను. పరదేశమునుండి వచ్చిన మాట మన భాషలో ఏ లోటును పూరించినదో తెలిసినప్పుడే దాని యర్థము సంపూర్ణమగును. మేస్త్రి పూరించిన లోటు, పుట్టుకతో నిమిత్తము లేక చేతినేర్పునకు ఇయ్యఁదగిన గౌరవము. ఆ లోటు నేఁటికిని పూర్తిగా తీఱినదని చెప్పఁజాలము గాని, దానిని తీర్ప వచ్చిన మాట మాత్రము మన నోట సజీవముగా నున్నది.